లీడ్స్ టౌన్ హాల్ గీసిన బ్రాడ్రిక్ ఉత్త "ఊరి ఆర్కిటెక్టే"నా?

వాన_గొడుగు
ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పాత కట్టడాల పరిరక్షణ మీద మాస్టర్స్ చేస్తున్నా. డిసర్టేషన్‌కి కత్‌బర్ట్ బ్రాడ్రిక్‌ని తీసుకున్నా. రోజూ లైబ్రరీకి వెళ్లేది ఆయన కట్టిన టౌన్ హాల్ పక్కనుంచే, వానొస్తే తలదాచుకునేది ఆ స్తంభాల కిందే. అందుకని కాస్త అభిమానం ఉంది, ఒప్పుకుంటా. మొన్న మొదటి చాప్టర్ ఇచ్చా. మా గైడ్ మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే ముక్క రాసి పంపారు: "ప్రొవిన్షియల్ ఆర్కిటెక్ట్. అంతకు మించి ఎత్తకు."

ఇక్కడ ప్రొవిన్షియల్ అంటే లండన్‌లో కాకుండా బయట ప్రాక్టీసు పెట్టుకున్నవాడు అని ఒక అర్థం. పల్లెటూరి బైతు అని ఇంకో అర్థం. ఆయన ఏ అర్థంలో వాడారో తెలీక రెండు రోజుల్నుంచి మనసు చిరాగ్గా ఉంది. రూమ్మేట్‌తో చెప్పుకుంటే "బ్రాడ్రిక్ అంటే మిలీనియం స్క్వేర్‌లో ఉన్న పబ్బే కదా" అంది. నిజమే, ఆ పేరుతో పబ్ ఉంది. ఒక మనిషి ఊరికి ముఖం కట్టిస్తే చివరికి మిగిలేది బీరు గ్లాసు మీద పేరేనా?

ఇక్కడ భవనాల పిచ్చోళ్లు ఉన్నారని తెలుసు. మీరేమంటారు?

గోడమీదపిల్లి
బీరు గ్లాసు మీద పేరు మిగలడం చిన్న విషయమా? నా పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు.

మేస్త్రీగారబ్బాయి
నాకు తెలిసింది ఒక్కటే. ఆ టౌన్ హాల్ ఎస్టిమేట్ 39 వేల పౌండ్లట, కట్టడం పూర్తయ్యేసరికి దాదాపు లక్షా 22 వేలు అయిందట. మూడింతలు! మా నాన్న తాపీమేస్త్రీ. పై అంతస్తుకి ఒక పార్టీకి చెప్పిన లెక్క మీద నలభై వేలు పెరిగిందని ఆ మనిషి ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. ఈయనకేమో పబ్ పెట్టారు.

పాతబండ
@మేస్త్రీగారబ్బాయి ఆ అంకె నిజమే కానీ అందులో సగం కథ కౌన్సిల్‌దే. దానికి తర్వాత వస్తా. ముందు ఈయన ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పుకోవాలి. అది తెలిస్తే "ప్రొవిన్షియల్" అనే మాటకి బరువెంతో తెలుస్తుంది.

పుట్టింది లీడ్స్ కాదు, హల్ అనే రేవు ఊరు. 1821. నాన్న ఓడల వ్యాపారి, డబ్బున్న ఇల్లు. 1837లో హెన్రీ ఫ్రాన్సిస్ లాక్‌వుడ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర పనికి కుదిరాడు. అప్పుడు కాలేజీలు లేవు, గురువు దగ్గర బొమ్మలు గీస్తూ నేర్చుకోవడమే. తర్వాత 1844లో ఫ్రాన్స్, ఇటలీ చుట్టి వచ్చాడు. ఆ తిరుగుడే ఆయన్ని పాడు చేసిందో బాగు చేసిందో గానీ, చివరిదాకా కళ్లు పారిస్ మీదే. తిరిగొచ్చాక లాక్‌వుడ్ భాగస్వామిగా ఉండమన్నాడు. వద్దని హల్‌లోనే సొంత బోర్డు కట్టుకున్నాడు.

1852లో లీడ్స్ వాళ్లు టౌన్ హాల్ కోసం పోటీ పెట్టారు. తీర్పు చెప్పడానికి సలహాదారు సర్ చార్లెస్ బారీ. పార్లమెంటు భవనం కడుతున్న మనిషి, అంతకంటే పెద్ద పేరు ఆ రోజుల్లో లేదు. మొదటి బహుమతి బ్రాడ్రిక్‌కి. రెండో బహుమతి ఎవరికో చెప్పండి చూద్దాం.

గోడమీదపిల్లి
గురువుగారికి అని చెప్పకు.

పాతబండ
గురువుగారికే. అప్పటికి లాక్‌వుడ్ బ్రాడ్‌ఫర్డ్ మకాం మార్చి మాసన్‌తో కలిసి పని చేస్తున్నాడు. లాక్‌వుడ్ అండ్ మాసన్‌కి రెండో స్థానం.

నత్తనడక
అయ్యో. ఆ ఏడాది దసరాకి గురుదక్షిణ ఎలా ఇచ్చుంటాడో!

సున్నం_బెల్లం
లాక్‌వుడ్ మీద జాలి పడకండి. ఆయనకేం తక్కువ కాలేదు. బ్రాడ్‌ఫర్డ్‌లో సెయింట్ జార్జ్ హాల్ 1853లో తెరిచారు, అదీ వీళ్లదే. టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని తన కార్మికులకి కట్టించిన సాల్టెయిర్ ఊరు మొత్తం వీళ్లు గీసిందే, 2001లో యునెస్కో జాబితాకి ఎక్కింది. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని ఎక్స్ఛేంజ్, బ్రాడ్‌ఫర్డ్ టౌన్ హాల్ కూడా వీళ్లవే. ఊరికి ఊరే కట్టేశారు. పోటీలో ఒకసారి ఓడినా జీవితంలో శిష్యుడి కంటే గురువే ఎక్కువ కట్టాడు. నేను బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంటా, కాబట్టి నా మాట కాస్త తగ్గించుకుని వినండి.

లీడ్స్‌కి ఆ టౌన్ హాల్ పిచ్చి పట్టిందే మా బ్రాడ్‌ఫర్డ్ హాల్ చూసి కుళ్లుకుని. రాసుకోండి.

వాన_గొడుగు
@సున్నం_బెల్లం అది మా గైడ్ కూడా ఒప్పుకుంటారు 🙂

కమీషన్‌కొట్టు
కుళ్లు అనే మాట బాగుంది గానీ, పక్క ఊళ్లో ధ్వజస్తంభం ఎత్తుగా ఉందని మనూళ్లో రెండు మూరలు పెంచడం మనకి కొత్తా?

గోడమీదపిల్లి
నేను కాస్త చెడ్డవాణ్ణవుతా. ఆ భవనం ఫోటోలు ఇప్పుడే చూశా. వరసగా తలల మీద ఆకులు చెక్కిన కొరింథియన్ స్తంభాలు, లోపల పెద్ద హాలు. ఇదంతా లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాల్ కాదా? దాన్ని హార్వే లాన్స్‌డేల్ ఎల్మ్స్ ముందే గీశాడు. పాపం, కట్టడం పూర్తి కాకుండానే క్షయతో 1847లో జమైకాలో పోయాడు. లివర్‌పూల్ హాల్ 1854లో తెరిస్తే లీడ్స్‌ది 1858. నీ గైడ్ అన్నదాంట్లో పాయింటుంది తల్లీ. చూసి రాసినవాణ్ణి టాపర్ అనం కదా.

పాతబండ
లివర్‌పూల్ నీడ లేదని ఎవరూ అనరు. కానీ ఒక్క తేడా చూడు. లివర్‌పూల్ హాలుకి నెత్తిన ఏమీ లేదు, గుడిలా పడుకుని ఉంటుంది. లీడ్స్‌ది నిలబడి ఉంటుంది. ఆ గోపురమే దాని ప్రాణం. 225 అడుగులు.

మేస్త్రీగారబ్బాయి
అన్నా, ఆ గోపురం అసలు ప్లాన్‌లో లేదుగా? తర్వాత అతికించిందని చదివా.

పాతబండ
అక్కడికే వస్తున్నా. నువ్వడిగిన లక్షా 22 వేల లెక్క కూడా ఇక్కడే ఉంది.

గెలిచిన డ్రాయింగులో గోపురం లేదు. 1853 ఆగస్టులో పునాదిరాయి వేశారు. గోడలు లేస్తున్నకొద్దీ ఊళ్లో రెండు వర్గాలు. డాక్టర్ జాన్ డీకిన్ హీటన్ అని ఒక వైద్యుడు, బెల్జియం వైపు పాత టౌన్ హాళ్లు చూసొచ్చిన మనిషి, గోపురం లేనిదే అది టౌన్ హాలే కాదని పట్టుబట్టాడు. బారీ కూడా గోపురం వైపే. కౌన్సిల్లో ఖర్చు తగ్గించాలనే బ్యాచ్ ఉంటుంది కదా ఎక్కడైనా, వాళ్లు వద్దన్నారు. ఓటింగు మీద ఓటింగు. చివరికి 1856లో సరే అన్నారు. అంటే గోడలు సగం లేచాక, పైన రాతి గోపురం మోయాలని తేల్చారు.

ఈ మధ్యలో కాంట్రాక్టరు శామ్యూల్ అటాక్ 1857లో దివాలా తీశాడు. బ్రాడ్రిక్ రాతి పనిలో రాజీపడే రకం కాదు, తక్కువకి టెండరు వేసుకున్నవాడు మునిగాడు. మిగతా పని వేరేవాళ్లు పూర్తి చేశారు.

మేస్త్రీగారబ్బాయి
ఇదీ అసలు సంగతి! ఆర్కిటెక్ట్‌కి శిలాఫలకం, యజమానికి గృహప్రవేశం, కాంట్రాక్టర్‌కి ఐపీ. మా నాన్నకి ఈ పోస్టు చదివి వినిపించా. "గోడలు లేచాక పైన ఇంకో అంతస్తు అడిగిన పార్టీ నాకూ తగిలాడు, అడ్వాన్సు తిరిగిచ్చేశాను" అన్నాడు. అటాక్‌కి ఆ తెలివి లేకపోయె.

తుప్పు_సైకిల్
అందరూ గోపురం గోపురం అంటున్నారు. 1849లో లీడ్స్‌లో కలరాకి రెండు వేల మందికి పైగా పోయారు. మురుగు కాలువల పని అప్పుడప్పుడే మొదలవుతోంది. నాలుగేళ్లకి లక్ష పౌండ్ల పాలరాతి మోజు. పోయినవాళ్ల ఇళ్లలో ఎవరైనా ఆ గోపురం చూసి మురిసిపోయారంటారా?

వాన_గొడుగు
@తుప్పు_సైకిల్ పాలరాయి కాదు, మిల్‌స్టోన్ గ్రిట్. తిరగలి రాయి అనుకోండి, గరుగ్గా ఉంటుంది. బొగ్గు పొగకి నల్లగా అయిపోయి 1970ల్లో కడిగేదాకా అలాగే ఉంది. కానీ మీ ప్రశ్న సరైనదే. దాన్ని నా చాప్టర్లో పెట్టనే లేదు, పెట్టాలి.

పాతబండ
తుప్పు గారూ, అది ఉత్త షోకు భవనం కాదు. కోర్టులు, పోలీసు స్టేషను, కౌన్సిల్ గది, మెట్ల కింద ఖైదీల గదులు, మధ్యలో విక్టోరియా హాలు, అన్నీ ఒకే కప్పు కింద. పైన కచేరీ, కింద కటకటాలు. 1993 దాకా కోర్టులు అక్కడే నడిచాయి.

తుప్పు_సైకిల్
పైన కచేరీ కింద కటకటాలు. ఒప్పుకున్నా, ఆ లెక్కన డబ్బుకి విలువ దక్కినట్టే. కలరా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

లోపల్లోపల
2018లో లీడ్స్ పియానో పోటీ ఫైనల్‌కి ఆ విక్టోరియా హాల్లో కూర్చున్నా. మా ఆవిడ లాక్కెళ్లింది. నాకు సంగీతం సున్నా. రెండున్నర గంటలు ఏం చెయ్యాలో తెలీక గోడలు చదువుకున్నా. నిజంగానే గోడల మీద నీతివాక్యాలు రాయించి పెట్టారు. ఒకటి గుర్తుండిపోయింది: సత్యాన్నీ నమ్మకాన్నీ కలిపి నేయమని. బట్టల మిల్లుల ఊరు కదా, దేవుడి మాట కూడా మగ్గం మీద పెట్టి చెప్పారు. మాది చీరాల. మా తాత నేసేవాడు. ఆ ఒక్క లైను దగ్గర చాలాసేపు ఆగిపోయా, పియానో ఎవరు గెలిచారో కూడా వినలేదు.

నత్తనడక
@లోపల్లోపల 👌

సున్నం_బెల్లం
పియానో మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పి పోతా. మీ టౌన్ హాల్ మరమ్మతుల్లో ఉందని 2024 ఫైనల్ ఎక్కడ పెట్టారో తెలుసా? బ్రాడ్‌ఫర్డ్ సెయింట్ జార్జ్ హాల్లో. లాక్‌వుడ్ కట్టిన హాల్లో. పేరేమో లీడ్స్ పోటీ. 170 ఏళ్లకి గురువుగారు వడ్డీతో సహా తీర్చుకున్నారు.

గోడమీదపిల్లి
😂😂 దీనికి రెండో బహుమతి ఇవ్వాల్సిందే.

చార్మినార్_చాయ్
అన్నా నాకొకటి సమజ్ గాలె. ప్రొవిన్షియల్ అంటే ఎందుకంత ఫీలైతున్నరు? మన హైకోర్టు, ఉస్మానియా దవాఖానా గీసిన విన్సెంట్ ఎష్ కూడా లండన్ల పెద్ద పేరున్నోడు కాదు. కలకత్తల పని జేసి నిజాం దగ్గరికొచ్చిండు. అయితేంది, మూసీ ఒడ్డున నిలబడి చూస్తే లండన్ యాదికొస్తదా ఎవరికన్న? ఏ ఊర్ల కట్టిండో ఆ ఊరికి పెద్దోడే.

పాతబండ
ఎష్ మీద వేరే థ్రెడ్ ఉంది చాయ్ భాయ్, ఇక్కడ మొదలుపెడితే మూసీ దాకా పోతాం. కానీ నీ ఆఖరి వాక్యం ఉంచుతా.

ఒక సంగతి. కౌన్సిల్ వాళ్లకే మొదట భయం పట్టుకుంది, ఈ కుర్రాడు ఇంత పెద్ద పని మొయ్యగలడా అని. బారీని అడిగారు. నిశ్చింతగా అప్పజెప్పొచ్చని బారీ హామీ ఇచ్చాడు. అంటే ఊరివాడని అనుమానపడింది ఊరివాళ్లే, నమ్మింది లండన్‌వాడు.

వాన_గొడుగు
ఇది చదివి ఒక్కసారి లేచి కూర్చున్నా. ఇది నా గైడ్‌కి చెప్పాలి.

గోడమీదపిల్లి
చెప్పు, ఇంకో ఎర్ర ముక్క వస్తుంది.

కమీషన్‌కొట్టు
టౌన్ హాల్‌తోనే పొద్దు పుచ్చుతున్నారు. ఆయన అసలు తెలివి కార్న్ ఎక్స్ఛేంజ్‌లో (లీడ్స్‌లో ధాన్యం బేరాలకి కట్టిన భవనం) ఉంది. నేను లీడ్స్ వెళ్లింది ఒక్కసారే, మా తమ్ముడి దగ్గరికి. వాడు షాపింగ్ అని తీసుకెళ్లాడు. ఇప్పుడు లోపలంతా గాజుల కొట్లు, కాఫీ కొట్లు. 1990 నుంచి అలా మార్చారట. నేను కొట్లు చూడలేదు, తలెత్తి కప్పు చూస్తూ నిలబడ్డా.

కోడిగుడ్డు ఆకారంలో గుమ్మటం. ఉత్తరం వైపు మాత్రం పెద్ద అద్దాల కప్పు. మిగతా వైపు మూత. తమ్ముడికి అర్థం కాలేదు, డిజైన్ అనుకున్నాడు. నాకు క్షణంలో వెలిగింది, ఎందుకంటే మాది ధాన్యం కొట్టు. మచ్చు చూడాలంటే గింజల్ని అరచేతిలో పోసుకుని నీడ వెలుతురులో చూస్తాం. ఎండ సూటిగా పడితే గింజ మెరిసిపోయి రంగు తెలీదు, తాలూ నూకా దాక్కుంటాయి. పసుపు కాస్త తిరిగిన గింజ కూడా బంగారంలా కనిపిస్తుంది. అందుకే మా నాన్న మధ్యాహ్నం రెండు తర్వాత పడమటి వాకిట్లో మచ్చు చూడనిచ్చేవాడు కాదు, "లోపలికి రండి" అనేవాడు. అక్కడి దేశంలో సూర్యుడు దక్షిణం వైపే తిరుగుతాడు. ఉత్తరం అద్దంలోంచి ఎండ రాదు, వెలుతురే వస్తుంది. రోజంతా ఒకే వెలుతురు. 1863లో ఆ గుమ్మటం కింద నిలబడి గోధుమలు బేరమాడిన ప్రతివాడి చేతిలోనూ గింజ ఒకేలా కనిపించి ఉంటుంది. మోసం చెయ్యడం కష్టం.

చుట్టూ గోడకి ఆనుకుని రెండు అంతస్తుల్లో చిన్న చిన్న ఆఫీసు గదులు. బేరం కింద, చిట్టా పైన. మా యార్డులో ఇలాంటిది ఒకటి కట్టమని చెప్పాలనిపించింది.

పాతబండ
ఈ ఐదేళ్లలో ఈ వేదికలో నేను చదివిన మంచి పోస్టుల్లో ఇదొకటి. పుస్తకాల్లో "ఉత్తరపు వెలుతురు" అని ఒక్క ముక్కలో వదిలేస్తారు. పడమటి వాకిలి సంగతి ఎవరు చెబుతారు?

బయట రాళ్లు గమనించారా? వజ్రం చెక్కినట్టు ప్రతి రాయీ మొనతేలి ఉంటుంది, పనసకాయ తొక్క లాగ. గుమ్మటం ఆలోచనకి మూలం పారిస్‌లో అప్పటి ధాన్యం మార్కెట్, ఆల్ ఓ బ్లే. అక్కడ 1811లోనే ఇనుప గుమ్మటం వేశారు. మళ్లీ పారిసే.

గోడమీదపిల్లి
అంటే అదీ కాపీయే.

కమీషన్‌కొట్టు
అది గుండ్రటిది, ఇది కోలది. కాపీ అయితే ఉత్తరం కూడా కాపీ కొట్టాలి కదా బాబూ.

గోడమీదపిల్లి
సరే, ఈ రౌండ్ మీదే. కార్న్ ఎక్స్ఛేంజ్‌కి నేనూ ఓటేస్తున్నా.

నత్తనడక
నేను స్కార్‌బరో దగ్గర ఆస్పత్రిలో పని చేస్తా. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు గ్రాండ్ హోటల్ చూపించా. అదీ బ్రాడ్రిక్‌దే, 1867లో తెరిచారు. సముద్రం ఒడ్డున కొండ అంచు మీద కోటలా ఉంటుంది. ఊరి వైపు నుంచి ఒక ఎత్తు, సముద్రం వైపు నుంచి చూస్తే అమ్మో. అప్పట్లో యూరప్‌లోనే అతి పెద్ద ఇటుక కట్టడాల్లో ఒకటి. స్నానాల గదుల్లో మంచినీళ్లతో పాటు సముద్రపు నీళ్ల కుళాయి కూడా ఉండేదట.

దాని లెక్క చెబితే నాన్న నమ్మలేదు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, ఋతువులు. 12 అంతస్తులు, నెలలు. 52 పొగ గొట్టాలు, వారాలు. 365 గదులు, రోజులు. పంచాంగాన్ని నిలబెట్టి కట్టినట్టు. నాన్న గొట్టాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర గాలికి కళ్లనీళ్లొచ్చి ఆపేశారు.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది. "స్థలం ఇలా కోసుకుపోయి ఉందేంటి, ఈశాన్యం ఎటు?" ప్లాన్ ఇంగ్లిష్ వి ఆకారంలో ఉంటుంది, విక్టోరియా పేరు మీద అంటారు. రాణి కోసం అని చెప్పా. "రాణి అయితే మాత్రం వాస్తు చూడక్కర్లేదా?"

గోడమీదపిల్లి
నాలుగు ఋతువులేంటి, ఆరు కదా. రెండు బురుజులు తగ్గాయి, అదే వాస్తు దోషం.

మేస్త్రీగారబ్బాయి
52 పొగ గొట్టాల్లో ఏది ఏ గదిదో రాసి పెట్టుకున్న మేస్త్రీకి దండం.

చార్మినార్_చాయ్
లీప్ ఇయర్ల వచ్చినోళ్లు యాడ పండుకున్నరు మరి?

నత్తనడక
😂 ఇంకొకటి. అక్కడే అంతకుముందున్న అద్దె ఇంట్లో 1849లో నవలా రచయిత్రి ఆన్ బ్రాంటే చనిపోయింది. హోటల్ గోడ మీద ఫలకం ఉంది. అమ్మకి అది చెప్పలేదు, వాస్తు మాట మళ్లీ వస్తుందని.

తుప్పు_సైకిల్
సరే, అన్నీ బానే ఉన్నాయి. టౌన్ హాల్, ఎక్స్ఛేంజ్, హోటల్, కార్మికుల చదువుకి కట్టిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఈయనదే కదా (ఇప్పుడది సిటీ మ్యూజియం, మా పిల్లలకి అక్కడి ఈజిప్టు మమ్మీ అంటే ప్రాణం). మరి ఇంతటివాడు ఆ తర్వాత ఏం కట్టాడు?

పాతబండ
ఏమీ కట్టలేదు.

తుప్పు_సైకిల్
అదేంటి?

పాతబండ
1870 అయ్యేసరికి ఇంగ్లండ్ వదిలేసి పారిస్ దగ్గర స్థిరపడ్డాడు. 48 ఏళ్లు. ఒక ఆర్కిటెక్ట్‌కి అసలు పని మొదలయ్యే వయసు. బొమ్మలు వేసుకుంటూ, తోట చూసుకుంటూ గడిపాడు. చివర్లో జెర్సీ దీవికి మారి 1905లో అక్కడే పోయాడు. 35 ఏళ్లు. చేసిన ఉద్యోగం కంటే రిటైర్మెంటే ఎక్కువ.

ఎందుకు అంటే నా లెక్క నేను చెబుతా, కాదనొచ్చు. పెద్ద పనులన్నీ పోటీల మీదే వచ్చేవి. 1857లో వైట్‌హాల్ ప్రభుత్వ కార్యాలయాల పోటీకి వెళ్లాడు, 1866లో నేషనల్ గ్యాలరీ పోటీకి వెళ్లాడు. రెండూ లండన్. రెండూ దక్కలేదు. పైగా గాలి మారింది. స్తంభాలు, గుమ్మటాలు పోయి కోసుగా లేచే గోథిక్ ఫ్యాషనైంది. ఆయన టౌన్ హాల్‌కి వెనక వీధిలోనే లీడ్స్ జనరల్ ఇన్‌ఫర్మరీ అనే ఆస్పత్రి కట్టాల్సి వస్తే గీయడానికి లండన్ నుంచి జార్జ్ గిల్బర్ట్ స్కాట్‌ని పిలిచారు. గోథిక్. ఇంట్లో వంటమనిషి ఉండగా హోటల్ నుంచి క్యారేజీ తెప్పించుకున్నట్టు.

సున్నం_బెల్లం
ఇక్కడ గురువుకీ శిష్యుడికీ తేడా తెలుస్తుంది. బ్రాడ్‌ఫర్డ్ టౌన్ హాల్ 1873లో లాక్‌వుడ్ గోథిక్‌లో కట్టాడు. అదే మనిషి, 20 ఏళ్ల ముందు స్తంభాలు పెట్టినవాడు. ఊరేది అడిగితే అది వడ్డించాడు. బ్రాడ్రిక్ తనకి నచ్చిన కూర తప్ప వండలేదు. మీరు దీన్ని ఆత్మాభిమానం అంటారేమో, నేను మొండితనం అంటా.

వాన_గొడుగు
మొండితనమే అనుకోండి. నాకది కూడా నచ్చింది.

కమీషన్‌కొట్టు
ఇంకో కోణం. నాన్న ఓడల వ్యాపారి, ఇంట్లో డబ్బుంది, పెద్ద పనులు నాలుగు చేశాడు. 48కి చాలనుకున్నాడేమో. మనమే మనిషి అలసిపోకుండా ఆపేస్తే అనుమానిస్తాం. మా బాబాయి 50కి కొట్టు మూసి జామతోట వేశాడు. ఊరంతా అప్పులనుకున్నారు. ఆయనకి జామకాయలంటే ఇష్టం, అంతే.

తుప్పు_సైకిల్
జామతోట థియరీకి నా మద్దతు.

పాతబండ
వదిలేసి వెళ్లినా ఆయన టౌన్ హాల్ మాత్రం ఊళ్లు తిరిగింది. లీడ్స్‌కే చెందిన విలియమ్ హిల్ బోల్టన్‌లో దాదాపు అదే బొమ్మ కట్టాడు, 1873లో తెరిచారు. దాన్నే మళ్లీ పోర్ట్స్‌మత్‌లో దింపాడు, 1890. గోడమీదపిల్లి గారి లెక్కలో లివర్‌పూల్‌ని కాపీ కొట్టినవాణ్ణి కాపీ కొట్టినవాడు తనని తానే కాపీ కొట్టాడు.

గోడమీదపిల్లి
జిరాక్స్‌కి జిరాక్స్. బోల్టన్‌లో అక్షరాలు మసకబారి ఉండాలే.

హల్_రేవు
ఆలస్యంగా చూశా. హల్‌లో ఉంటాను. ఇంతసేపు ఎవరూ అడగలేదు: సొంతూరికి ఏం చేశాడని. మొదట రాయల్ ఇన్‌స్టిట్యూషన్ కట్టాడు. తర్వాత అందులో మ్యూజియం ఉండేది. 1943 బాంబుదాడిలో కాలిపోయింది. 1860ల్లో హల్ టౌన్ హాల్ కట్టాడు. యాభై ఏళ్లు నిండకముందే కూల్చేసి ఇప్పుడున్న గిల్డ్‌హాల్ కట్టారు. లీడ్స్‌లో కుకరిడ్జ్ స్ట్రీట్‌లో టర్కీ స్నానాల భవనం ఒకటుండేది, చారల ఇటుకతో, దాని ముఖం 1882లోనే మార్చేశారు, 1969లో మొత్తం పడగొట్టారు. మీరు నిలబడ్డవాటి గురించే మాట్లాడుకుంటున్నారు.

హల్ టౌన్ హాల్‌లో మిగిలిందొక్కటే. నెత్తి మీది చిన్న మండపం. పియర్సన్ పార్కులో గడ్డిలో పెట్టారు. చెట్ల మధ్య, నేల మీద. తల మాత్రం ఉంది, మొండెం లేదు.

లీడ్స్ మెట్ల మీది నాలుగు సింహాలు చెక్కిన కీవర్త్ కూడా మా హల్ వాడే, 1867లో పెట్టారు. సింహాలు మీకు, కపాలం మాకు.

మేస్త్రీగారబ్బాయి
సొంతూళ్లో ఎవడికీ విలువ ఉండదని మా నాన్న రోజూ అంటాడు. ఈసారి కాదనలేకపోయా.

చార్మినార్_చాయ్
సింహాలు గడియారం పదమూడు కొడితే లేచి నడుస్తయట కద? మా కజిన్ జెప్పిండు.

వాన_గొడుగు
అలా అంటారు. రెండేళ్లుగా పన్నెండు దాకా వింటున్నా, ఇంతవరకూ కదల్లేదు. వానకి అరిగిపోయి మూతులు మెత్తబడ్డాయి, నడిచినా నెమ్మదిగానే.

@హల్_రేవు ఈ శనివారం వస్తున్నా. పార్కు ఏ స్టాపులో దిగాలి?

హల్_రేవు
బెవర్లీ రోడ్ బస్సెక్కు. గొడుగు తెచ్చుకో, పేరులో ఉంటే సరిపోదు.

వాన_గొడుగు
(నాలుగు రోజుల తర్వాత) వెళ్లొచ్చా. అంత చిన్నదని అనుకోలేదు. ఒక కుర్రాడు దాని అంచు మీద కూర్చుని చిప్స్ తింటున్నాడు, వాళ్లమ్మ దిగమంటోంది. అంత పైనుంచి ఊరిని చూడాల్సిన రాళ్లు, చేతికందాయి. దగ్గరగా చూస్తే తెలిసింది, కిందినుంచి ఎవరికీ కనబడని చోట కూడా చెక్కుడు తేడా లేకుండా చేయించాడు. అటాక్ ఎందుకు మునిగాడో అర్థమైంది, ఆ పని అటాక్‌ది కాకపోయినా.

చాప్టర్ మళ్లీ రాశా. మొదటి పేరా ఇక్కడ పెడుతున్నా, తిట్టండి:

"బ్రాడరిక్ హల్‌లో పుట్టి, లీడ్స్‌లో గెలిచి, లండన్‌లో ఓడి, ఫ్రాన్స్‌లో తోట వేసుకున్న ఆర్కిటెక్ట్. ఆయన్ని ప్రొవిన్షియల్ అనవచ్చు. ఆయన కట్టించిన ఊళ్లకి రాజధాని అనుమతి అవసరం లేకపోయింది, కౌన్సిల్ అనుమతే ఆలస్యమైంది. కలరా ఏడాదికీ గోపురం ఏడాదికీ మధ్య దూరం ఏడేళ్లు. ఈ అధ్యాయం ఆ రెంటినీ కలిపి చూస్తుంది."

తుప్పు_సైకిల్
కలరా పెట్టావు. ఇక నాకేం ఫిర్యాదు లేదు.

కమీషన్‌కొట్టు
ఉత్తరం అద్దాలు రెండో పేరాలో వస్తాయా?

వాన_గొడుగు
మూడో చాప్టర్ మొత్తం అదే. పడమటి వాకిలి ఫుట్‌నోట్‌లో, మీ పేరు లేకుండా.

గోడమీదపిల్లి
అంతా బానే ఉంది గానీ తల్లీ, మొదటి మాటే తప్పు. "బ్రాడరిక్" అని కొట్టావు. బ్రాడ్రిక్. పబ్ బోర్డు మీద వాళ్లు సరిగ్గానే రాశారు, వెళ్లి చూసుకో.